చీరల కొట్టులో అడుగుతారు, పుస్తకాల కొట్టులో అడగరు

పిల్లలకి పుస్తకం కొందామని షాపుకి వెళ్తే ముందుగా ఏం తీసి చూపిస్తారో ఎప్పుడైనా గమనించారా? పదేళ్ళ పిల్లాడికండీ అనగానే మొదట నీతికథలు, తర్వాత జనరల్ నాలెడ్జి, దాని వెనకే చేతిరాత కాపీ పుస్తకం. ఆడపిల్ల అయితే ఇవన్నీ ఉంటూనే పైన ఒక ముగ్గుల పుస్తకం. ఇక మన సంగతి అడగక్కర్లేదు, మన మొహం చూడగానే వాళ్ళకి తెలిసిపోతుంది. వంటల పుస్తకమో, వరలక్ష్మీవ్రతం పుస్తకమో. వ్రతం పుస్తకం మా ఇంట్లోనూ ఉంది, నాకు దాని మీద ఏ కోపమూ లేదు. కానీ ఎదుటి మనిషిని ఒక్క మాటైనా అడక్కుండా తీసిచ్చే పద్ధతి ఉంది చూడండి, దాని మీదే నాకు కోపం.

ఎందుకంటే మా ఊళ్ళో అడిగి అమ్మడం తెలియని వాళ్ళు లేరు. రాజమండ్రి తాడితోటలో ఏ బట్టల కొట్టు మెట్లయినా ఎక్కండి. పరుపు మీద కూర్చోగానే మంచినీళ్ళు, వాటి వెంటే ప్రశ్నలు. ఎవరికమ్మా, మీకా, పెట్టుబడికా? పెళ్ళికా, నోముకా? కాటన్ చూపించమంటారా, ఉప్పాడ చూపించమంటారా? కట్టుకునే ఆవిడ కాస్త పొడుగా? మీరు ఎంతలో అనుకుంటున్నారు? ఈ నాలుగు ముక్కలూ రాబట్టాక అప్పుడు విప్పుతాడు చీరలు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకోడు, ఇంకోటి విప్పుతాడు. మూడోసారి వెళ్ళేసరికి పోయినేడు తీసుకున్న ఆకుపచ్చ చీర కూడా గుర్తు చేస్తాడు. ఇరవై చీరలు విప్పించి ఏదీ తీసుకోకుండా లేచొచ్చినా మళ్ళీ రండమ్మా అంటాడు.

పుస్తకాల కొట్టులో ఒకటే ప్రశ్న. "ఏం పుస్తకమండీ? పేరు చెప్పండి." పేరే తెలిస్తే ఇంట్లో కూర్చుని ఫోనులో ఆర్డరు పెట్టుకోనా, ఎండలో మెయిన్ రోడ్డుకి ఎందుకొస్తాను?

ఇక కామిక్స్ ఉన్నాయా అని అడిగామంటే ఆ చూపే వేరు. "బొమ్మల పుస్తకాలాండీ? అవి చిన్నపిల్లలవి కదండీ" అని అడుగు అరలో దుమ్ము పట్టిన నాలుగు పుస్తకాలు చూపిస్తారు. గ్రాఫిక్ నవల అంటే ఇంకా కష్టం. బొమ్మలతో చెప్పిన పెద్ద కథ బాబూ, పెద్దవాళ్ళు కూడా చదువుతారు అని మనమే కౌంటర్ అవతల నిలబడ్డ కుర్రాడికి పాఠం చెప్పాలి. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు పిల్లలకి మాత్రం ఈ బాధ లేదు. అక్కడ కామిక్స్ ఒక్కటే అమ్మే కొట్లు వేరేగా ఉంటాయి. వారానికి ఒక రోజు, ఎక్కువగా బుధవారం, కొత్త సంచికలు దిగుతాయి. మీకు ఫలానా సీరియల్ కావాలని ముందే రాయించుకుంటే మీ పేరు మీద పక్కన తీసిపెడతారు. అరల అంచుకి చిన్న చిన్న చీటీలు అంటించి ఉంటాయి, కొట్టులో పనిచేసే వాళ్ళు తమ చేత్తో రాసినవి. నేను చదివాను, ఇది ఇందుకు బాగుంది, ఫలానాది నచ్చినవాళ్ళకి ఇదీ నచ్చుతుంది అని రెండే రెండు వాక్యాలు.

వింటే గొప్పగా ఉంది గానీ, ఈ తీసిపెట్టే పని మనకి కొత్తేమీ కాదు. చందమామ నెల మొదట్లో వచ్చేరోజుల్లో పేపర్ల కొట్టాయన చేసింది అదే కదండీ! పదో తారీకు దాటితే దొరకదని మన ఇంటి కాపీ పక్కన పెట్టేవాడు. పిల్లాడు పరీక్షలని రాకపోతే, ఏమ్మా బాబు రాలేదు, బొమ్మరిల్లు కూడా వచ్చింది పట్టుకెళ్ళండి అనేవాడు. అద్దె పుస్తకాల షాపులవాళ్ళయితే మరీను. ఏ వీధిలో ఎవరు ఏ రచయిత్రి నవల కోసం కాచుకుని కూర్చున్నారో వాళ్ళకి నోటికి వచ్చు. ఆ సీరియల్ పుస్తకంగా వచ్చిందండీ, రేపటికల్లా ఇచ్చేయాలి మరి, వెనకాల ముగ్గురున్నారు అని చెప్పి ఇచ్చేవారు. వాళ్ళలో చాలామంది పెద్ద చదువులు చదువుకున్నవాళ్ళు కారు. కొట్టులో ఉన్న పుస్తకం చదివినవాళ్ళు, అంతే.

పుస్తకాలకి కొదవున్న ఊరు కూడా కాదు మాది. కోటగుమ్మం దగ్గర గొల్లపూడి వీరాస్వామి సన్ వారు అచ్చేసిన వ్రతకథలూ, పంచాంగాలూ తెలుగువాళ్ళ ఇళ్ళకి చేరుతూనే ఉన్నాయి. వీరేశలింగంగారు ఆడవాళ్ళ కోసం సతీహితబోధిని పత్రిక పెట్టిందీ ఈ ఊరివాడిగానే, 1883లో. ఆయన చేసిన మేలు నేను కాదనను, కాదంటే కళ్ళు పోతాయి. కానీ ఆ పేరు చూడండి. సతులకి హితం బోధించేది. ఆడవాళ్ళు ఏం చదివితే వాళ్ళకి మంచిదో ఇంకొకరు ఆలోచించి చేతిలో పెట్టడం మా ఊళ్ళో 140 ఏళ్ళ నాటి అలవాటు. మీకేం ఇష్టం అని అడగడం మాత్రం ఇంకా అలవాటవ్వలేదు.

సరే, బొమ్మల పుస్తకం దగ్గరికే వద్దాం. అది చదువు కాదు, కాలక్షేపం అని మనవాళ్ళకి గట్టి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. ఒక పేజీలో ఆరు గడులున్నాయనుకోండి. మొదటి గడిలో పిల్లాడు చెట్టెక్కుతున్నాడు. రెండో గడిలో కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. పడటం ఎక్కడా బొమ్మ వెయ్యలేదు. అది చదివే పిల్ల బుర్రలో జరిగింది. మొహం చూసి ఆ మనిషి ఏమనుకుంటున్నాడో పట్టుకోవాలి, మాటల బుడగలు ఏ వరసలో చదవాలో తెలుసుకోవాలి, మాట ఒకటి చెబుతూ బొమ్మ ఇంకోటి చెబుతుంటే ఎవరు అబద్ధమాడుతున్నారో కనిపెట్టాలి. ఇదంతా పని కాదా?

మన పిల్లలకి దీనితో ఇంకో పెద్ద అవసరం ఉంది. ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లల్లో ఎంతమంది తెలుగు గడగడా చదవగలరు? మాట్లాడమంటే చక్కగా మాట్లాడతారు, ఆయ్ అంటారు, అండీ అంటారు, అమ్మమ్మతో గంటసేపు కబుర్లు చెబుతారు. అదే తెలుగులో ఒక పేజీ ఇస్తే కూడబలుక్కుంటూ రెండో వాక్యానికే మూసేస్తారు. పాఠ్యపుస్తకంలో వాక్యం బారెడు, మాటలు గ్రాంథికం, అర్థం తెలియదు, ఆధారానికి బొమ్మ లేదు. అదే కామిక్స్‌లో అయితే బుడగలో ఉండేది నాలుగైదు మాటలు, అవీ రోజూ నోట్లో నానే మాటలు. "ఒరేయ్ ఆగు!" అని ఉంది, బొమ్మలో ఒకడు పరిగెడుతున్నాడు, ఇంకొకడు చెయ్యెత్తి అరుస్తున్నాడు. రేఫ ఎక్కడుందో వెతుక్కోకుండానే పిల్ల చదివేస్తుంది. పదిసార్లు అలా ఊహించి చదివాక పదకొండోసారి నిజంగానే చదువుతుంది. తెలుగు చదవడం రాని తెలుగు పిల్లలు మన ఇళ్ళల్లోనే తయారవుతున్నారు. వాళ్ళకి దొరికే దారుల్లో ఇదొకటి, పైగా ఏడుపు లేని దారి.

మరి ఆ తెలుగు బొమ్మల పుస్తకాలు ఎక్కడున్నాయి అంటారు. అక్కడే నాకు కడుపు మండేది. బొమ్మతో కథ చెప్పడంలో గోదావరి జిల్లాల వాళ్ళకి ఎవరైనా నేర్పాలా? బాపుగారు నరసాపురంలో పుట్టారు, ముళ్ళపూడి వెంకటరమణగారు ధవళేశ్వరంలో పుట్టారు, ఇద్దరూ కలిసి బుడుగుని మన చేతుల్లో పెట్టారు. బుడుగు అచ్చంగా కామిక్స్ కాదు, ఒప్పుకుంటాను. అయితే కామిక్స్ అని గట్టిగా చెప్పుకోదగ్గ పని చేసిన మనిషి కూడా ఇక్కడివాడే. బుజ్జాయిగారు. అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి, కృష్ణశాస్త్రిగారి అబ్బాయి, పుట్టింది 1931లో పిఠాపురంలో. తెలుగు పత్రికల్లో ఆయన "డుంబు" బొమ్మలు చూస్తూ ఒక తరం పిల్లలు పెరిగారు. ఆయన పంచతంత్రం బొమ్మల కథగా వేస్తే 1960ల్లో బొంబాయి నుంచి వచ్చే ఇలస్ట్రేటెడ్ వీక్లీలో ఏళ్ళ తరబడి వచ్చింది. ఇంగ్లీషు చదువుకున్న దేశమంతా చూసింది. ఆయన 2022 జనవరిలో పోయారు. ఆ వారంలో మీ ఊరి షాపువాళ్ళు ఎవరైనా ఆయన పుస్తకాలు ముందు బల్ల మీద పెట్టారేమో కాస్త గుర్తు చేసుకోండి.

అదే జనవరిలో బెంగాల్లో నారాయణ్ దేబ్‌నాథ్‌గారూ పోయారు. ఆయన 1962లో మొదలుపెట్టిన హాందా భోందా అనే బొమ్మల కథని దశాబ్దాల తరబడి ఆయనే గీశారు. దానికి ముందు ఏడాదే ఆయనకి పద్మశ్రీ ప్రకటించారు. ఇక పక్కనే ఉన్న తమిళనాడు సంగతి. మనకి శివకాశి అంటే టపాకాయలూ, దేవుడి కేలండర్లూ కదా! అదే శివకాశిలో 1972లో ముత్తు కామిక్స్ మొదలైంది, తర్వాత లయన్ కామిక్స్ వచ్చింది. ఎక్కడో ఇటలీలో, ఫ్రాన్సులో, బెల్జియంలో వేసిన బొమ్మల కథలు తమిళంలోకి మార్చి చందాదారులకి పోస్టులో పంపిస్తారు. చిన్నప్పుడు చదివినవాళ్ళు తల నెరిసినా వదల్లేదు. తమిళవాళ్ళకి భాషాభిమానం ఎక్కువని మనం ఎత్తిపొడుస్తుంటాం గానీ, నడివయసు మనిషి బొమ్మల పుస్తకం పట్టుకుంటే అక్కడ నవ్వరు. మన దగ్గర చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. 1947 జులైలో మొదలై అన్ని భాషల పిల్లల్ని సాకిన పత్రిక పోతే మనం చేసిందల్లా పాత సంచికల పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో పంపుకోవడం.

అమర్‌చిత్రకథ తెలుగులో కూడా వచ్చింది, మంచిదే. అనంత్ పాయ్‌గారు 1967లో మొదలుపెట్టిన ఆ పుస్తకాలు లేకపోతే చాలామంది పిల్లలకి పురాణమే తెలిసేది కాదు. కానీ షాపువాళ్ళకి కామిక్స్ అంటే అదొక్కటే గుర్తొస్తుంది. అందులో ఆడవాళ్ళందరికీ ఒకటే నడుము, ఒకటే రంగు. ఆ నడుము మీద మరోసారి రాస్తాను.

పోయినేడు మా ఊళ్ళో పెట్టిన ఒక పుస్తకాల అమ్మకానికి వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి, ఇరవై కూడా ఉండవు, డిగ్రీ చదువుకుంటూ పనికి వచ్చినట్టుంది. ఒకావిడ మనవడిని తీసుకొచ్చి, పిల్లాడికి బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం కావాలమ్మా, వీడికి ఎలకలంటే సరదా అంది. పక్కనున్న కుర్రాడు వెంటనే ఒకటి తీసి చేతిలో పెట్టాడు. అట్ట మీద ఎలకలే. ఈ అమ్మాయి చూసి, "మామ్మగారూ, అది వద్దండి. అది చంపుడు కథండి, యుద్ధం కథ. చిన్నపిల్లలది కాదు. నేను కొంచెం చదివాను" అని నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. ఆ పుస్తకం పేరు "మౌస్". ఆర్ట్ స్పీగెల్‌మన్ అనే ఆయన వేసింది. హిట్లర్ కాలంలో యూదుల్ని చంపిన శిబిరాల్లో తన తల్లీతండ్రీ పడ్డ బాధ అది. యూదులు ఎలకలు, జర్మన్లు పిల్లులు. 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది దానికి. గొప్ప పుస్తకమే, ఏడేళ్ళ పిల్లాడికి మాత్రం కాదు. ఆ అమ్మాయి చదివి ఉండకపోతే ఆ రాత్రి ఆ పిల్లాడు నిద్రపోయేవాడా?

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. ఆవిడ ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. వెనక నుంచి యజమాని వచ్చి, జీతం ఇచ్చేది పుస్తకాలు చదువుకోడానికి కాదమ్మా, అమ్మడానికి అన్నాడు. అందరి ముందే అన్నాడు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, పుస్తకాల దొంతర సర్దుకుంటూ ఉండిపోయింది. నేను ఆ అమ్మాయినే పిలిచి మా పిల్లకి ఏది బాగుంటుందమ్మా అని అడిగి, ఆమె చెప్పినవి రెండు తీసుకుని, ఈ అమ్మాయి చెబితేనే కొంటున్నానండీ అని బిల్లు దగ్గర కాస్త గట్టిగానే అన్నాను. దానివల్ల ఆయన మారిపోయాడని నేను అనుకోవడం లేదు.

చీరల కొట్టులో పనికి చేరినవాడికి ముందు నేర్పేది ఏమిటి? ఏది వెంకటగిరి, ఏది ఉప్పాడ, ఏది పవర్‌లూమ్ అని చేత్తో పట్టుకుని చెప్పడం. సరుకు తెలియనివాడిని గద్దె మీద కూర్చోనివ్వరు. పుస్తకాల కొట్టులో సరుకు తెలుసుకోవడమంటే చదవడమే, వేరే మార్గం లేదు. కొట్టు మూసేటప్పుడు ఒక పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి, అట్ట నలక్కుండా తెచ్చెయ్యమ్మా అంటే యజమానికి పోయేదేమిటి? పైగా బొమ్మల పుస్తకం గంటన్నరలో అయిపోతుంది. వారానికి రెండు చదివినా ఏడాదికి వంద అవుతాయి. వంద పుస్తకాలు చదివిన అమ్మాయి కౌంటర్‌లో ఉంటే ఆ కొట్టుకి నేను నెలనెలా వెళ్తాను. ఫోనులో కనిపించే "మీకు ఇది కూడా నచ్చవచ్చు" అనే వరస సంగతి నాకు తెలుసు. ఒకసారి మేనల్లుడికని పెన్సిళ్ళ డబ్బా కొన్నందుకు నాకు నెల రోజులు పెన్సిళ్ళే చూపించింది. మామ్మగారూ అది వద్దండి అనడం దానికి చేతకాదు.

చెప్పేవాళ్ళు మంచివాళ్ళని ఎలా గుర్తుపట్టాలంటే నా లెక్క ఇది. వాళ్ళు అమ్మతో కాకుండా పిల్లతో మాట్లాడతారు. ఏ క్లాసు అని అడగరు, ఈమధ్య చదివిన వాటిలో ఏది నచ్చింది అని అడుగుతారు. ఇంకా తెలివైనవాళ్ళు, ఏది సగంలో వదిలేశావు అని అడుగుతారు. అన్నిటికంటే ముఖ్యం, వద్దు అనగలుగుతారు. ఇది రెండేళ్ళాగి చదువుదువుగాని అనే మనిషిని నమ్మి ఆ కొట్టులో పిల్లని వదిలి పక్కనే కూరలు కొనుక్కు రావచ్చు.

అలాంటివాళ్ళకి నేను చెప్పాలనుకునే పేర్లు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషువే ఎక్కువ, ఏం చేస్తాం. కుదురుగా కూర్చోని, క్లాసులో ఎప్పుడూ తిట్లు తినే పిల్లాడుంటే డేవ్ పిల్కీ వేసిన "డాగ్ మ్యాన్" ఇవ్వండి. ఆయనకి చిన్నప్పుడు అక్షరాలు తికమకపడే ఇబ్బందీ, నిలకడ లేని ఇబ్బందీ రెండూ ఉండేవి. టీచరు బల్లతో సహా వరండాలో కూర్చోబెడితే అక్కడ కూర్చుని బొమ్మలేసుకున్న పిల్లాడాయన. పళ్ళకి క్లిప్పులు వేయించుకుని నోరు తెరవనంటున్న అమ్మాయికి రైనా టెల్గెమైయర్ "స్మైల్" ఉంది. కిందపడి ముందుపళ్ళు పోగొట్టుకుని, ఏళ్ళ తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగిన తన సొంత కథే వేసిందావిడ. వినికిడి మిషను పెట్టుకునే పిల్లలకీ, అలాంటి పిల్లతో క్లాసులో కూర్చునే మిగతా పిల్లలకీ సీసీ బెల్ "ఎల్ డెఫో". అమెరికాలో పుట్టి, అమ్మ తన ఊరి గురించి ఎందుకు ఒక్కముక్క చెప్పదో అర్థంకాని పిల్లకి నిధి చనాని "పష్మీనా".

మన సంగతి? పిల్ల చదివేస్తుంటే పక్కన బీన్స్ తుంచుతూ కూర్చోవడమేనా? నన్నడిగితే ఈ బొమ్మల నవలలు మనకే ఎక్కువ పనికొస్తాయి. మూడొందల పేజీల నవల మొదలుపెడితే కుక్కరు మూడో కూతకి ఎక్కడ ఆపామో మర్చిపోతాం. ఇది అలా కాదు, బొమ్మ చూడగానే మళ్ళీ అక్కడికి వెళ్ళిపోతాం. ఇంగ్లీషు అంతగా రాదని వెనకాడేవాళ్ళకీ సగం పని బొమ్మే చేసిపెడుతుంది.

మర్జాన్ సత్రపీ రాసి బొమ్మలేసిన "పెర్సెపొలిస్" చూడండి. ఇరాన్‌లో విప్లవం వచ్చినప్పుడు పదేళ్ళ పిల్ల. తెల్లారేసరికి బడిలో తలకి ముసుగు వేసుకోమన్నారు. అన్నీ నలుపు తెలుపు బొమ్మలు, చూస్తే పలకమీద గీసినట్టుంటాయి. యుద్ధం పెరిగాక పద్నాలుగేళ్ళ పిల్లని తల్లీతండ్రీ ఒంటరిగా ఆస్ట్రియా పంపించేస్తారు. పంపే ముందు రాత్రి ఆ పిల్ల అమ్మమ్మ పక్కలో పడుకుంటుంది. ఆ అమ్మమ్మ రోజూ పొద్దున్నే మల్లెపూలు ఏరి లోపలి జాకెట్లో పెట్టుకుంటుందిట, ఒళ్ళు ఎప్పుడూ ఘుమఘుమలాడుతుందిట. కడియం పక్కన ఉన్నవాళ్ళం, మల్లెపూల సంగతి మనకి ఒకరు చెప్పాలా! ఎక్కడి టెహరాను, ఎక్కడి రాజమండ్రి, నాకు ఆ పేజీ దగ్గర మా అమ్మమ్మ చీర వాసన వచ్చింది. ఏజెంటు చుట్టూ, వీసా చుట్టూ తిరిగి కూతుర్ని పై చదువుకి విమానం ఎక్కించిన అమ్మలు ఎంతమంది లేరు మన జిల్లాల్లో? వాళ్ళల్లో ఒక్కరి చేతిలోనైనా ఏ షాపువాడైనా ఈ పుస్తకం పెట్టాడా? కొన్ని పేజీలు కష్టంగా ఉంటాయి, జైళ్ళూ చావులూ ఉన్నాయి. పిల్లలకి ఇవ్వకండి, మీరు చదవండి.

మన దేశంలో వచ్చినవీ ఉన్నాయి. ఢిల్లీలో 2012 డిసెంబరులో ఆ అమ్మాయికి జరిగిన ఘోరం తర్వాత కొందరు ఆడపిల్లలు కలిసి కూర్చుని ఎవరి కథ వాళ్ళు బొమ్మలేశారు. దాన్ని జుబాన్ వారు 2015లో "డ్రాయింగ్ ది లైన్" అని అచ్చేశారు. పద్నాలుగు మంది, పద్నాలుగు రకాల బొమ్మలు. అందులో ఒక కథలో కడుపుతో ఉన్నావిడకి పుట్టే బిడ్డ తెల్లగా ఉండాలని తలో సలహా ఇస్తుంటారు. కుంకుమపువ్వు పాలు తాగని వాళ్ళెవరం! సావిత్రీబాయి, జోతీబా ఫూలేల కథ "ఎ గార్డెనర్ ఇన్ ది వేస్ట్‌ల్యాండ్" అని 2011లో వచ్చింది. రామ్ దేవినేని అని, ఇంటిపేరు చూస్తే మనవాడే, అమెరికాలో సినిమాలు తీసే ఆయన, 2014లో "ప్రియాస్ శక్తి" తెచ్చారు. అత్యాచారానికి గురైన పల్లెటూరి అమ్మాయిని ఇంట్లోవాళ్ళే గెంటేస్తే పార్వతీదేవి దిగివచ్చి ఆమె పక్షాన నిలబడే కథ. అది నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

ధర మాటకి వస్తే అందరం కాస్త వెనక్కి తగ్గుతాం. నాలుగొందలు, ఆరొందలు పెట్టి కొన్న పుస్తకం పిల్ల గంటలో చదివి పక్కన పడేస్తే ప్రాణం ఉసూరుమంటుంది నిజమే. పడేసినా మళ్ళీ పదిసార్లు తీస్తుంది, అది వేరే సంగతి. అయినా అందరూ కొనలేరు. ముంబయి వెర్సోవాలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి "లీపింగ్ విండోస్" అని కామిక్స్ లైబ్రరీ పెట్టారు. కాఫీ తాగుతూ అక్కడే కూర్చుని చదువుకునేలా చేశారు. మన అద్దె షాపే, కాఫీ ఒకటి తోడు. కాకినాడలోనో భీమవరంలోనో ఒక చిన్న గది అద్దెకి తీసుకుని ఇలాంటిది నడపగలిగిన ఆడవాళ్ళు నాకు కనీసం నలుగురు తెలుసు. చీటీలు నడిపిన వాళ్ళకి అద్దె పుస్తకాల లెక్క ఒక లెక్కా!

అదీ కుదరకపోతే మన గ్రంథాలయాలు ఉన్నాయి. వాటికి మనం డబ్బు కడుతూనే ఉన్నాం, ఆ సంగతి చాలామందికి తెలియదు. ఈసారి ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. ఆ డబ్బుతో పోటీ పరీక్షల పుస్తకాలు కొంటున్నారు, కొననివ్వండి, ఉద్యోగాలు కావాలి కదా. వాటితోపాటు పిల్లల బీరువాలో ఏడాదికి ముప్ఫై బొమ్మల పుస్తకాలు కొనమని అడగడానికి మనకి హక్కుంది. మా గౌతమీ గ్రంథాలయంలాంటి వందేళ్ళు దాటిన చోట పాత తాళపత్రాలు ఎంత జాగ్రత్తగా దాచాలో, కొత్త పాఠకుల్ని కూడా అంత జాగ్రత్తగా పట్టుకోవాలి.

తెలుగువే కావాలి, ఇప్పుడే కావాలి అనేవాళ్ళకి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు బోలెడున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. చెన్నై తూలికవారివి ఒకే పేజీలో తెలుగూ ఇంగ్లీషూ ఉన్న పుస్తకాలు దొరుకుతాయి. ఇవి బుడగల కామిక్స్ కావు గానీ ఆరేళ్ళ పిల్లకి మొదటి మెట్టుగా బాగా పనికొస్తాయి. పదేళ్ళు దాటిన పిల్లకి తెలుగులో ఏమివ్వాలి అంటే మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు. బాపుగారి బొమ్మలూ, పాత చందమామలూ, పాత పుస్తకాల కొట్లలో దొరికితే బుజ్జాయిగారివీ. కొత్తగా వేసేవాళ్ళు వేస్తే కొనడానికి నేనున్నాను.

విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళేవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు వాళ్ళ చేతికే మూడొందలు ఇచ్చి వదిలెయ్యండి. స్టాల్లో ఉన్న అబ్బాయినో అమ్మాయినో, పేరు చెప్పకుండా, మీరు చదివినవాటిలో మీకు బాగా నచ్చిన బొమ్మల పుస్తకం ఏదండీ అని అడగమనండి. జవాబు చెప్పగలిగిన స్టాలు నంబరు మాత్రం రాసుకుని నాకు చెప్పండి, నేనూ ఆ స్టాలుకే వెళ్తాను.